హిస్టరీ ఆప్షనల్: షేస్ తిరుగుబాటు దగ్గర నేను బోర్లా పడ్డ కథ

సివిల్స్ ఫైనల్ లిస్టులో పేరు చూసుకుని నాలుగు రోజులైంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఆప్షనల్ (మెయిన్స్‌లో మనం ఎంచుకునే సబ్జెక్టు, నాది హిస్టరీ) ఎలా చదివావనే అడుగుతున్నారు. అందుకే అదొక్కటే రాస్తున్నాను.

రెండో అటెంప్ట్‌లో నన్ను ముంచింది ప్రపంచ చరిత్ర కూడా ఉండే హిస్టరీ పేపర్-2. 250కి 98. నిజానికి ఆ దెబ్బ ముందే తెలియాల్సింది. మెయిన్స్‌కి నెల ముందు ఒక టెస్ట్‌లో అమెరికా తిరుగుబాట్లకీ రాజ్యాంగానికీ ఉన్న సంబంధం గురించి 20 మార్కుల ప్రశ్న వచ్చింది. విస్కీ తిరుగుబాటుకు భయపడి 1787లో రాజ్యాంగం రాసుకున్నారని నేను రెండు పేజీలు నింపాను. విస్కీ గొడవ 1794ది! రాజ్యాంగానికి ముందు జరిగింది 1786లో మొదలైన షేస్ రైతుల తిరుగుబాటు. 4 మార్కులు వేసి, పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. నాకేమో దిద్దినవాళ్ల మీద కోపం. పేర్లన్నీ రాశాను కదా అని!

ఫెయిలై ఇంటికెళ్లిన రోజుల్లో మా నాన్నకి పంట అప్పు మీద నోటీసు వచ్చింది. దాన్ని ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఒక రాత్రి మళ్లీ షేస్ చాప్టర్ తీశాను. అమెరికాలోని పశ్చిమ మసాచుసెట్స్ రైతులు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లు. డేనియల్ షేస్ కూడా ఆ యుద్ధంలో కెప్టెనే. చేతిలో నాణెం లేదు, పన్నూ అప్పూ మాత్రం నాణేల్లోనే కట్టాలి. 1786 ఆగస్టులో వాళ్లు నార్తాంప్టన్‌లో కోర్టును కూర్చోనివ్వలేదు. కోర్టు ఎందుకు అని అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. కోర్టు కూర్చోకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే జప్తు లేదు. 1875లో దక్కన్ రైతులు వడ్డీ వ్యాపారుల దగ్గరున్న అప్పు పత్రాలు తగలబెట్టిందీ ఇందుకే. నాన్న జేబులో కాగితం చూశాక గానీ నాకు ఎక్కలేదు.

ఆ తర్వాత మిగతాది దానంతటదే కుదిరింది. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళితే ఫిరంగులు పేల్చారు, నలుగురు చనిపోయారు. తిరుగుబాటును అణచడానికి జనరల్ లింకన్ సైన్యానికి డబ్బు ఎవరిచ్చారు? బోస్టన్ వర్తకులు. పన్ను వేసే అధికారమే లేని కాంగ్రెస్ దగ్గర పైసా లేదు. అదే 1794కి వచ్చేసరికి, ఆర్థిక మంత్రి హామిల్టన్ వేయించిన విస్కీ పన్నుకు పెన్సిల్వేనియా రైతులు ఎదురు తిరిగితే అధ్యక్షుడు వాషింగ్టన్ 13 వేల మంది మిలీషియాను కదిలించి, తనే గుర్రమెక్కి కొంతదూరం వెళ్లాడు. ఆ రెండింటి మధ్య ఉన్నదే కాంగ్రెస్‌కి పన్ను వేసే అధికారం ఇచ్చిన రాజ్యాంగం. జవాబుకు వెన్నెముక ఇదే, పేర్ల జాబితా కాదు.

అయితే షేస్ వల్లే రాజ్యాంగం వచ్చిందని మాత్రం రాయకండి. రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సమావేశానికి పిలుపు 1786 సెప్టెంబర్‌లో అన్నాపోలిస్‌లో కలిసిన రాష్ట్రాల ప్రతినిధుల నుంచే వెళ్లింది. షేస్ ఆ పిలుపుకు భయాన్ని జోడించాడు, అంతే.

బానిసత్వం మీద జరిగిన స్టోనో, నాట్ టర్నర్, జాన్ బ్రౌన్ తిరుగుబాట్లను సివిల్ వార్ కింద వరసగా చదువుకున్నాను. జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే, ఇంటర్వ్యూ అందరిలాగే. పొద్దున 5కి లేవడం, రోజుకో జవాబు చేత్తో రాయడం మాత్రం జ్వరంలోనూ ఆపలేదు. చెల్లి నిశ్చితార్థానికి వెళ్లలేదని బంధువులు ఇప్పటికీ దెప్పుతున్నారు. వెళ్లుంటే ఏమయ్యేదో నాకు తెలుసు, వాళ్లకి తెలియదు. మూడు గంటలకి ఒకసారి రీల్స్ చూసేవాళ్లు నన్ను టైంటేబుల్ అడగొద్దు.

ఈసారి పేపర్-2లో 141 వచ్చాయి. నాన్నకి షేస్ కథ మొన్ననే మొత్తం చెప్పాను. ఆయన అంతా విని, "మరి వాళ్ల అప్పులేమయ్యాయిరా?" అన్నారు. మూడేళ్లలో ఏ టెస్ట్‌లోనూ ఎవరూ అడగని ప్రశ్న. మసాచుసెట్స్ గవర్నర్ బౌడిన్ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడని, కొత్త శాసనసభ పన్నులు తగ్గించిందని, 1788లో షేస్‌కి క్షమాభిక్ష దొరికినా పేదవాడిగానే పోయాడని చెప్పాను. "ఊఁ" అని జేబు తడుముకున్నారు.