నాడి అల వేగం, టేపు తెచ్చే తంటా

మా నాన్నగారి బీపీ చీటీల్లో పై అంకె 160కి, కింది అంకె 70కి అటూ ఇటూగా ఉంటోంది. కింది అంకె బాగానే ఉందని ఇంట్లో అందరూ ఊరట పడుతుంటారు గానీ, వయసు మీరినవారిలో ఆ రెండింటి మధ్య ఎడం పెరగడం బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే అతిపెద్ద ధమని) బిరుసెక్కిందనడానికి ఒక సూచన. గుండె రక్తాన్ని చిమ్మిన ప్రతిసారీ సాగి ముడుచుకోవలసిన ధమని గోడలో సాగే గుణమున్న ఎలాస్టిన్ పోగులు ఏళ్ల తరబడి అలసి తెగిపోతాయి, గట్టిదైన కొల్లాజెన్ పాలు పెరుగుతుంది. కొవ్వు పేరుకుని నాళం పూడుకుపోవడం వేరు, ఇది వేరు.

ఈ బిరుసును కొలవడానికి ప్రామాణికంగా ఎంచేది పల్స్ వేవ్ వెలాసిటీని, అంటే నాడి అల పరుగెత్తే వేగాన్ని. గుండె చప్పుడుతో పుట్టిన ఒత్తిడి అల రక్తం కంటే ఎంతో వేగంగా ధమని గోడల వెంట సాగుతుంది. గోడ ఎంత గట్టిదైతే అంత త్వరగా చేరుతుంది. మెడ దగ్గరా గజ్జల్లోనూ నాడి మీద పెన్ను లాంటి సెన్సర్ ఆనించి, అల ఆ రెండు చోట్లకూ చేరిన సమయాల తేడా పట్టుకుంటారు. ఆ చోట్ల మధ్య టేపుతో కొలిచిన దూరంలో 80 శాతాన్ని ఆ తేడాతో భాగిస్తారు. దూరం 55 సెంటీమీటర్లు, తేడా 55 మిల్లీసెకన్లు అయితే వేగం సెకనుకు 8 మీటర్లు. తేడా 44కు తగ్గితే 10 మీటర్లు. 2007 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు సెకనుకు 12 మీటర్లు దాటితే బిరుసు ఎక్కువని హద్దు పెట్టగా, దూరాన్ని లెక్కించే తీరు మారడంతో 2012లో నిపుణులు దాన్ని 10కి దించారు. కాబట్టి పాత రిపోర్టును, కొత్త రిపోర్టును పక్కపక్కన పెట్టి గాబరా పడేముందు ఏ లెక్కన కొలిచారో అడగడం మంచిది.

ఇంత సున్నితమైన యంత్రం చివరికి టేపు మీద ఆధారపడడం నాకు విచిత్రంగా తోస్తుంది. బొజ్జ ఉన్న మనిషికి టేపును ఒంపు వెంట పరిచి కొలిస్తే దూరం ఎక్కువ వచ్చి, ధమని ఉన్నదానికంటే బిరుసుగా తేలుతుంది. అందుకే పొట్టకు తగలకుండా తిన్నగా పట్టాలి, లేదా రెండు కొనల మధ్య తిన్నని దూరం చెప్పే కాలిపర్ అనే పనిముట్టు వాడాలి. పరీక్షకు ముందు కాఫీ, సిగరెట్ మానమనడం, కాసేపు పడుకోబెట్టడం కూడా ఊరికే కాదు: ఆ క్షణంలో బీపీ పెరిగితే అల వేగమూ పెరుగుతుంది.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో గుండె జబ్బుల మీద దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం 2010లో వెలువరించిన ఫలితాల్లో, బీపీ, కొలెస్ట్రాల్ వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఈ వేగం ఎక్కువగా ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు ఎక్కువేనని తేలింది. అయినా ఇప్పటికే బీపీ మాత్రలు వాడుతున్నవారికి ఈ అంకె వల్ల చికిత్స పెద్దగా మారదని నా అభిప్రాయం. మందు మొదలుపెట్టాలా, ఇంకొంతకాలం ఆగాలా అని డాక్టరు తటపటాయిస్తున్న నడివయసువారికే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది.