పకోడీల పొట్లం

శ్రీకాకుళం. ఆదివారం, రాత్రి 10 దాటింది.

తమ్ముడు విశాఖ నుంచి వచ్చాడని సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బండి మీద ఉల్లి పకోడీ కట్టించుకొచ్చాను. పొట్లం విప్పితే నూనె పీల్చుకున్న కాగితం మీద ఒక ముఖం. ఎవరిదో ఆధార్ జిరాక్స్.

పకోడీలు గిన్నెలో పోసి, కాగితాన్ని లైటు కిందకి తీసుకెళ్లి చూశాను. పేరు, భర్త పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, పన్నెండు అంకెలూ ఉన్నాయి. కింద ఎవరో పెన్నుతో ఫోన్ నంబరు రాశారు. దాని పక్కనే ఊదారంగు ఇంకులో బొటనవేలి ముద్ర. గీతలన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, మధ్యలో అడ్డంగా పడిన కోత కూడా తెలుస్తోంది. కొడవలి కోత అయ్యుంటుంది. మా అమ్మ వేలికీ అలాంటిదే ఉండేది.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశాడు. అప్పట్లో పేపర్లో చదివి వదిలేశాను. ఇవాళ అలాంటి వేలిముద్రే నా వంటింట్లో ఉంది.

ఆ నంబరుకి ఫోన్ చెయ్యాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేనెవరో ఆవిడకి తెలియదు. నాకు మాత్రం ఆవిడ ఏ సంవత్సరంలో పుట్టిందో కూడా తెలుసు. ఆ తేడా తలుచుకుంటేనే ఇబ్బందిగా అనిపించింది. చివరికి చేశాను. ముసలావిడ ఎత్తింది.

"ఎవులమ్మా?"

టీచర్నని చెప్పి, మీ ఆధార్ కాగితం బజారులో దొరికిందమ్మా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత భయం భయంగా అడిగింది. "నానేటి తప్పు సేసినానమ్మా? పింఛనేటి ఆపేత్తారా?"

ఎంత చెప్పినా ఆవిడ అదే అడిగింది. కాగితం పారేసినవాళ్లు ఎవరో హాయిగా ఉన్నారు. నాలుగు వేల పింఛను పోతుందేమోనని ఆవిడ వణికిపోతోంది. నా నంబరు ఇచ్చి, ఏదైనా ఇబ్బంది వస్తే చెయ్యమని పెట్టేశాను.

తమ్ముడు అంతా వింటూనే ఉన్నాడు. "డేటా ఎప్పుడో బయటికి పోయిందక్కా. అయినా వాళ్లకి కావాల్సింది పింఛను. ప్రైవసీ మనలాంటి వాళ్ల గొడవ. కావాలంటే ఆధార్‌లో వేలిముద్ర పనిచెయ్యకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోమను" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. అది చదువుకున్నవాళ్లకే అని ఎక్కడా అనలేదు. ఏటా పదో తరగతి పిల్లలకి నేను చెప్పే పాఠమే ఇది. వాడన్నట్టు బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు, నిజమే. నెలనెలా వేలు పెడితేనే డబ్బు చేతికొచ్చే మనిషి లాక్ చేసుకుంటే, ఒకటో తారీఖున దాన్ని ఎవరు తెరిచిపెడతారు? చిన్న ఫోన్ వాడే ఆవిడకి ఆధార్ యాప్ ఎవరు నేర్పుతారు?

అప్పుడే బీరువాలోంచి ఒక కవరు తీసి వాడి ముందు పెట్టాను. మా వీధి కాలువ పని ఎవరికిచ్చారు, ఎంత బిల్లు చెల్లించారు అని అడుగుతూ, ఎంత పని జరిగిందో రాసే కొలతల పుస్తకం నకలు కూడా ఇమ్మని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఇరవై రోజుల కిందట జవాబొచ్చింది. అది వ్యక్తిగత సమాచారమట, ఇవ్వడం కుదరదట. మొదటి వానకే పగిలిపోయిన కాలువ, మేం కట్టిన పన్ను డబ్బు, అందులో వ్యక్తిగతం ఏముంది?

డేటా రక్షణ కోసమని 2023లో తెచ్చిన చట్టం 44(3) సెక్షన్‌తో సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం గురించి చెప్పే 8(1)(జె)ని మార్చేసింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజలకి అవసరమైతే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. పార్లమెంటుకి కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదన్న మాట కూడా ఉండేది. అవి రెండూ తీసేశారు. ముసలావిడ వేలిముద్ర పకోడీల బండి దాకా వచ్చింది. కాంట్రాక్టరు బిల్లు మాత్రం ఆఫీసు గడప దాటలేదు. నాకు మండేది ఇక్కడే.

తమ్ముడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "మరి కాంట్రాక్టరు ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు కూడా జనానికి ఇచ్చేస్తావా?" అని. ఇవ్వకూడదు. అతని ఇల్లు అతనిది, పిల్లలు అతని పిల్లలు. బిల్లు మాత్రం అందరిదీ. మా ఊళ్లో కరువు పని తనిఖీ గ్రామసభల్లో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, బిగ్గరగా చదివేవాళ్లు. పనికి వెళ్లనివాళ్ల పేరు చదివితే "నాను ఎల్లనేదు" అని వాళ్లే లేచి నిలబడేవారు. పేరు అలా బయటపెట్టడం కూలీలకే మేలు చేసింది. ఇదంతా చెప్తే వాడు వాదించలేదు. ఒప్పుకున్నాడని కూడా అనను.

సమాచార హక్కు చట్టంలో 8(2) సెక్షన్ ఇంకా ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అందులో ఉంది. దాని ఆధారంగా మొదటి అప్పీలు ఇందాకే రాసేశాను. ఇంకా పది రోజుల గడువుంది, రేపే స్పీడ్ పోస్టులో పంపిస్తాను.

రాస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. జూన్‌లో తల్లుల ఖాతాలు సరిచూసుకోమని, 38 మంది పిల్లల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న లిస్టుని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఎవరూ తప్పనలేదు. నాకూ అనిపించలేదు. ఇప్పుడు డిలీట్ చేద్దామంటే అందరి ఫోన్లలోంచీ తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి, ఆ లిస్టు తీసెయ్యమని, తప్పు నాదేనని రాశాను. తొమ్మిదిన్నరకి 22 మంది తీసేశామన్నారు. మిగిలినవాళ్లకి రేపు ఫోన్ చేస్తాను. స్టాఫ్ రూమ్ బీరువాలో ఉన్న జిరాక్సులు కూడా హెడ్మాస్టరు గారికి చెప్పి, అక్కర్లేనివన్నీ ముక్కలు చేయించాలి. కట్టలుగా పాత కాగితాల వాళ్లకి వెయ్యనివ్వను.

పడుకోబోతుంటే ఫోన్ మోగింది. ఆవిడే.

"అమ్మా, ఒకటో తారీకున వత్తాది కదా?"

"వస్తుందమ్మా. భయపడకండి."

"ఆ కాయితం ఏటి సేసినావు?"

"స్టవ్ మీద కాల్చేశానమ్మా."

"మంచిపని సేసినావు. నా ఏలుముద్ర ఎవులికీ ఇయ్యకమ్మా" అంది.