ఓడ్‌తో ఓడాను

మొన్న ఆదివారం స్క్రాబుల్‌ అనే ఇంగ్లీషు పదాల ఆటలో మా బావ చివరికి మిగిలిన ఓ, డీ రెండు బిళ్ళలూ పేర్చేసి ఆట లాగేసుకున్నాడు. అలాంటి మాటే లేదు బావా అని గొడవపడి ఫోన్‌లో వెతికితే, ఉంది. పైగా "ఓడ్‌తో ఓడావురా" అని జోకొకటి.

ఓడ్ అంటే ఒక శక్తి పేరు, అంటే ఉందనుకున్న శక్తి. కార్ల్ ఫాన్ రైఖెన్‌బాఖ్ అనే జర్మన్ కెమిస్టు 1845లో, స్కాండినేవియా పురాణాల్లోని ఓడిన్ దేవుడి పేరు మీద పెట్టాడు. అయస్కాంతాల్లోంచి, స్ఫటికాల్లోంచి, మొక్కల్లోంచి, మన చేతివేళ్ళలోంచి కూడా అది బయటికి వస్తుందట, కాకపోతే అందరికీ కనబడదు, కొందరు 'సున్నితులకే' కనబడుతుంది. వాళ్ళని చీకటి గదిలో గంటా రెండు గంటలు కూర్చోబెట్టి అయస్కాంతం ముందు పెడితే, ఒక కొస నీలంగా, రెండో కొస ఎర్రగా మంటలా వెలుగుతోందని చెప్పేవారు. ఆయన అన్నీ ఓపిగ్గా రాసుకునేవాడు.

పోనీ ఊసుపోని మనిషా అంటే కాదు. 1830లో పారఫిన్‌ని కనిపెట్టినవాళ్ళలో ఆయనొకడు, కర్ర తారులోంచి తీసే క్రియోసోట్ నూనె కూడా ఆయనదే. కరెంటు పోతే మనం వెలిగించే కొవ్వొత్తి పారఫిన్‌దే కదా, ఆ కొవ్వొత్తి ఆర్పేస్తే తప్ప ఆయన ఓడ్ కనబడదన్నమాట! నాకైతే నవ్వు కంటే జాలే ఎక్కువ వేసింది.

హిప్నాటిజం అన్న మాటని వాడుకలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ మరుసటి ఏడాదే గుట్టు పట్టేశాడు: ఏదో కనబడుతుందని ముందే మనసులో పడితే చాలు, అయస్కాంతం లేకపోయినా మనిషికి కనబడుతుంది.

నేనూ చూద్దామనుకున్నాను. చిన్నప్పుడు పాత రేడియో స్పీకరు పగలగొట్టి తీసిన గుండ్రటి అయస్కాంతం, ఇసకలో ఈడ్చి ఇనుప రజను పోగేసుకున్నది, ఇంకా నా దగ్గరుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు మా మేనకోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "దీని చుట్టూ నీలం వెలుగు కనబడుతోందా?" అన్నాను. కాసేపు చూసి, "ఆ, కొంచెం కొంచెం" అంది. చప్పుడు కాకుండా అయస్కాంతాన్ని జేబులో వేసుకుని, ఖాళీ చెయ్యి చాపి మళ్ళీ అడిగాను.

"ఇప్పుడింకా బాగా కనబడుతోంది మావయ్యా."