హార్డ్ లాకప్ డిటెక్టర్ మార్చడం: నా అనుభవం

నిన్న సాయంత్రం రిలీజ్‌కి ఆమోదం వచ్చింది. మూడు నెలల టెన్షన్ దిగింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో దగ్గర. ఎనిమిది కోర్ల ఆర్మ్ చిప్‌తో నెట్‌వర్క్ బాక్సులు చేస్తాం, లోపల నడిచేది లినక్స్. ఒక సీపీయూ (అంటే ఒక కోర్) బయటి పిలుపులైన ఇంటరప్ట్‌లు మూసేసుకుని, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో ఇరుక్కుపోతే దాన్ని హార్డ్ లాకప్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి మాకు పాత పద్ధతే ఉండేది. చిప్ పనితీరు కొలిచే పీఎంయూ కౌంటర్ క్లాక్ సైకిళ్లు లెక్కబెట్టి, ఇంటరప్ట్‌లు మూసి ఉన్నా లోపలికి రాగలిగే ఎన్‌ఎంఐని పంపుతుంది. టైమర్ కదిలిందా లేదా అని అది చూస్తుంది. దీనికోసం ఒక కౌంటర్ ఎప్పుడూ బిజీగా ఉండాలి. పైగా ఆర్మ్‌లో ఎన్‌ఎంఐ బదులు వాడే సూడో ఎన్‌ఎంఐ ఆన్ చేస్తే మా బాక్సులో ప్యాకెట్ల వేగం పడిపోయేది.

2023లో లినక్స్ 6.5తో 'బడ్డీ' డిటెక్టర్ వచ్చింది. దానికి ఎన్‌ఎంఐ అక్కర్లేదు. రాత్రిపూట కాలనీల్లో గూర్ఖాలు కర్రతో స్తంభం మీద కొడతారు కదా, పక్క వీధి చప్పుడు వినిపించకపోతే ఈ వీధి గూర్ఖాకు అనుమానం రావాలి. ఇక్కడా అంతే. ప్రతి సీపీయూలో 4 సెకన్లకోసారి టైమర్ కొట్టి తన కౌంట్ పెంచుకుంటుంది. ప్రతి మూడో దెబ్బకు, అంటే 12 సెకన్లకోసారి, పక్క సీపీయూ కౌంట్ చూస్తుంది. పోయినసారి రాసిపెట్టిన అంకె దగ్గరే ఉంటే అది ఇరుక్కున్నట్టు. మా కెర్నల్ పాతది కాబట్టి ఆలోచన మాత్రం తీసుకుని కోడ్ నేనే రాశాను.

రాయడానికి వారం పట్టింది. కెర్నల్‌ని కావాలని చెడగొట్టి పరీక్షించే ఎల్‌కేడీటీఎంతో సీపీయూని ఇరికించి చూశాను, ప్రతిసారీ అర నిమిషంలోపే పట్టుకుంది.

అసలు కథ టెస్ట్ ల్యాబ్‌లో మొదలైంది. మూడో రాత్రి ఒక బాక్సు 'హార్డ్ లాకప్' అని ప్యానిక్ అయి రీబూట్ అయింది. మర్నాడు రాత్రి ఇంకో రెండు. పగలు ఒక్కటీ లేదు. నా టేబుల్ మీద రోజంతా నడిపినా రాలేదు. చిప్ లోపల ఏం జరుగుతుందో బయటి నుంచి చూపించే జేటాగ్ డీబగ్గర్ కావాలని ఫారం పెడితే, మూడు సంతకాలు కావాలని పదకొండు రోజులు తిప్పారు. ఆస్తుల విభాగంలో కూర్చునేవాళ్లకు బాక్సు చచ్చినా బతికినా ఒకటే. మీరు ఇలాంటి పని మొదలుపెడితే మొదటి రోజే ఆ ఫారం పెట్టండి. రీబూట్ అయినా లాగ్ మిగిలేలా ర్యామూప్స్ కూడా పెట్టుకోండి. నన్ను కాపాడింది అదే.

తర్వాత రివ్యూ మీటింగ్. పద్నాలుగు మంది ముందు నా లాగ్‌ని తెర మీద వేసి, మా సీనియర్ ఆర్కిటెక్ట్ ఒకాయన, "బతికున్న సీపీయూని చచ్చిందనే కోడ్‌ని కస్టమర్‌కి ఎలా ఇస్తాం? ముందు బేసిక్స్ నేర్చుకోండి" అన్నారు. తొమ్మిదేళ్లుగా కెర్నల్ పని చేస్తున్నాను. ఈ ఆఫీసులో లాకింగ్ బగ్గులు నాకన్నా ఎక్కువ పట్టినవాళ్లు లేరు. ఆ రోజు నల్లగండ్లలో ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. తప్పు ఉంటే చెప్పాలి, అది పెద్దవాళ్ల బాధ్యత. పదిమందిలో మనిషిని తక్కువ చేయడం వల్ల బగ్ దొరకదు.

కానీ ఆయన నోటి వెంట వచ్చిన 'బతికున్న' అన్న మాట నన్ను వదల్లేదు. లాగ్ మళ్లీ తెరిచాను. లాకప్ అనుకున్నప్పుడు, ప్యానిక్‌కి ముందు ఆ సీపీయూని బ్యాక్‌ట్రేస్, అంటే ఏ కోడ్‌లో ఉన్నావో చెప్పమని అడిగేలా రాశాను. ఎన్‌ఎంఐ లేదు కాబట్టి అడిగేది మామూలు ఐపీఐతోనే, అంటే ఒక సీపీయూ ఇంకోదానికి పంపే ఇంటరప్ట్‌తోనే. దానికి జవాబు వచ్చింది! ఇంటరప్ట్‌లు మూసుకున్న సీపీయూకి ఐపీఐకి జవాబు ఇవ్వడం కుదరదు. పైగా అది పని లేనప్పుడు తిరిగే ఐడిల్ లూప్‌లో తీరిగ్గా ఉంది. అంటే అది ఇరుక్కోలేదు, మనం చూసిన తీరే తప్పు.

మరి రాత్రిపూటే ఎందుకు? ఆ ముక్క చెప్పింది ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్ చేసే అన్న. "రాత్రి లోడ్ తగ్గంగనే బాక్సు కొన్ని కోర్లు బంద్ చేస్తది తమ్మీ, నీకెవ్వలు చెప్పలేదా?" అన్నాడు. ఎవ్వరూ చెప్పలేదు.

అక్కడ ముడి విడిపోయింది. రెండో సీపీయూ మూడోదాన్ని చూసి అంకె రాసుకుంది. వెంటనే రెండోది ఆఫ్‌లైన్ అయింది. ఇప్పుడు మూడోదాన్ని చూడాల్సింది ఒకటో సీపీయూ. అది ఒక్క సెకను తర్వాత వచ్చి చూసింది. ఆ సెకనులో మూడోదాని టైమర్ కొట్టే వేళే కాలేదు. అంకె మారలేదు, 'లాకప్' అని కేక పెట్టింది. సీపీయూ కొత్తగా ఆన్‌లైన్‌లోకి వచ్చినప్పుడూ ఇలాంటిదే, దాని టైమర్ ఒక్కసారి కూడా కొట్టకముందే పక్కది చూసేస్తుంది.

మందు చిన్నదే. కాపలా చేతులు మారేటప్పుడు, చూడబోయే సీపీయూకి ముందు 'టచ్' పెట్టాలి, అంటే తర్వాతి తనిఖీని ఒకసారి వదిలేయమని గుర్తు. ఆ తర్వాతే మాస్క్, అంటే కాపలాలో ఉన్న సీపీయూల జాబితా, మార్చాలి. మధ్యలో రాతల వరుసను కాపాడే మెమరీ బ్యారియర్ ఉండాలి, లేకపోతే ఇంకో కోర్‌కి ఈ రెండూ తలకిందులుగా కనిపించవచ్చు. అసలు 6.5 కోడ్‌లో ఈ సంగతి కామెంట్‌లో స్పష్టంగా రాసి ఉంది. అల్గారిథం చదివి ఆ కామెంట్ వదిలేశాను. మీరు వదలకండి.

ఇంకొకటి. అన్ని కోర్లూ ఒకేసారి ఇరుక్కుంటే బడ్డీకి దిక్కు లేదు, చూసేవాడే ఉండడు. అందుకని, బాక్సు మొత్తం బిగుసుకుపోతే దాన్ని రీబూట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ తీసేయొద్దు. మా మేనేజర్ తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు.

కోర్లు ఆపుతూ, లేపుతూ మూడు రోజులు ఆరు బాక్సులు నడిపాం. ఒక్క తప్పుడు అలారం లేదు. నిన్నటి మీటింగ్‌లో ఆ ఆర్కిటెక్ట్ "సరే, వెళ్లనివ్వండి" అని మాత్రం అన్నారు. నేను ల్యాబ్‌కి వెళ్లాను. అన్న అప్పుడే షిఫ్ట్‌కి వచ్చాడు. కింద ఇరానీ చాయ్ తాగి పైకొచ్చేసరికి బాక్సులు నాలుగేసి కోర్లు బంద్ చేసుకుని ఉన్నాయి. లాగ్‌లో కొత్త లైను లేదు.