సెలవు మర్నాటి గుర్రం

మా చిత్తూరు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా డ్రైవర్లుగానో, వంటవాళ్లుగానో, ఇళ్లలో పనికో వెళ్తారు. గుర్రాల దగ్గర పని అంటే ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. “పాలిచ్చే ఆవును ఇంట్లో వదిలేసి, పాలివ్వని గుర్రానికి చాకిరీ చేయడానికి విమానం ఎక్కావా నాయనా?” అని మా మేనత్త అడిగింది. అత్తతో వాదించలేదు. కానీ ఆవుల మధ్య పెరిగినవాడు గుర్రపుశాలలో చేరితే ముందుగా పక్కన పెట్టాల్సింది తొట్టి నింపే అలవాటునే. పాడి ఆవుకు తవుడు, చెక్క పెంచితే పాలు పెరుగుతాయి. పనిలేకుండా నిలబడ్డ గుర్రానికి అదే ప్రేమతో తొట్టి నింపితే, మర్నాడు అది పని మొదలుపెట్టిన కాసేపటికే కండరాలు బిగుసుకుని కదలలేకపోవచ్చు.

నేను పనిచేసే శాల దుబాయ్‌కి దూరంగా ఇసుకలో ఉంది. అన్నీ అరబ్బు జాతి గుర్రాలు. 120, 160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పందేలకు వాటిని తయారుచేస్తారు. పందెం ఒక్క పరుగున సాగదు. 40 కిలోమీటర్లకు మించని చుట్లుగా విడగొట్టి, చుట్టు చుట్టుకీ పశువైద్యులు పరీక్షిస్తారు. ఇచ్చిన వ్యవధిలో గుండె వేగం నిమిషానికి 64కో, అక్కడి నిబంధన ఇంకా గట్టిదైతే అంతకన్నా కిందికో దిగాలి. దిగకపోయినా, నడకలో కుంటు కనిపించినా గుర్రం ఇంటికే. చలికాలం మా సీజన్. వేసవిలో తెల్లవారకముందే పని ముగించుకుని, మిగిలిన పొద్దంతా ఫ్యాన్ల కింద గుర్రాలూ మేమూ కాలక్షేపం చేస్తాం.

కండరాలు బిగుసుకుపోవడాన్ని శాలలో అందరూ ‘టై అప్’ అంటారు. ఇది కొత్త జబ్బేమీ కాదు. పాత రోజుల్లో యూరప్‌లో బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఉండేది, దాణాకు మాత్రం సెలవు ఉండేది కాదు. సోమవారం పొద్దున బండికి కట్టగానే వెనక కాళ్లు పట్టేసేవి. అందుకే దాన్ని సోమవారం జబ్బు అన్నారు. మా శాలలో సెలవు శుక్రవారం కాబట్టి మాకు అది శనివారం జబ్బు. 2022 జనవరి నుంచి ఎమిరేట్స్‌లో ప్రభుత్వ కార్యాలయాల వారాంతం శని, ఆదివారాలకు మారింది. మా శాల శుక్రవారాన్ని వదల్లేదు, జబ్బు శనివారాన్ని వదల్లేదు.

అలాంటి ఒక శనివారమే ఎర్రటి ఆడగుర్రం ఒకటి దారి మధ్యలో ఆగిపోయింది. అది మొదటినుంచీ కంగారు గుర్రం. పక్కన ప్లాస్టిక్ సంచి ఎగిరినా బెదిరేది. పాకిస్తానీ కుర్రాడు స్వారీ చేస్తున్నాడు, నేను నీళ్ల సీసాలతో వెనకాల పికప్‌లో వస్తున్నాను. పావుగంట బాగానే ట్రాట్ చేసింది, అంటే నడకకు మించిన మెల్లని పరుగు. తర్వాత వెనక అడుగు పొట్టిదైంది. చలిగాలిలో కూడా మెడ మీదా పక్కల మీదా చెమట కారుతోంది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. నిలబడి, మూత్రం పోయబోతున్నట్టు వెనక కాళ్లు చాపింది గానీ పోయలేదు. కుర్రాడు మడమతో అదిలించాడు. దిగమని కేకేసి, దగ్గరికి వెళ్లి తొడ మీద చేయి వేశాను. మామూలుగా వేళ్లు కాస్త లోపలికి దిగే కండ, ఆ రోజు దిగనివ్వలేదు. నొక్కగానే గుర్రం ఒళ్లు కుంచించుకుంది.

ట్రైనర్ కడుపునొప్పి అనుకున్నాడు. “నడిపిస్తూ తీసుకురండి” అని ఫోనులో అరిచాడు. ఆయన పొరపాటు పడటంలో ఆశ్చర్యం లేదు. చెమట, ఆయాసం, కాలితో నేల గీరడం రెంటిలోనూ కనిపిస్తాయి. కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని మెల్లగా నడిపించడం శాలల్లో పాత అలవాటు. బిగుసుకుపోయిన గుర్రాన్ని మాత్రం నడిపించకూడదు. అప్పటికే దెబ్బతిన్న కండ, వేసే ప్రతి అడుగుతో ఇంకా చితికిపోతుంది. ఈ తేడా నాకు చెప్పింది మా దగ్గరికి వచ్చే సూడాన్ డాక్టర్. నేను కళ్లెం పట్టుకుని నిలబడి, “డాక్టర్ వచ్చేదాకా ఒక్క అడుగు కూడా వేయించను. కావాలంటే జీతం కోసుకోండి” అన్నాను. హిందీలో ఆ మాట ఇంకా మొరటుగానే వచ్చి ఉంటుంది. గల్ఫ్‌లో ఒక సాయిసు, అంటే గుర్రాలను చూసుకునే పనివాడు, తన పైవాడితో ఇలా మాట్లాడటం అంటే ఏమిటో అక్కడ పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా, ఊళ్లో అప్పు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడతాయి.

డాక్టర్ వచ్చేలోగా దాని నడుము మీద దుప్పటి కప్పాం, బకెట్‌తో నీళ్లు పెట్టాం. ఎండాకాలమైతే దుప్పటికి బదులు నీడా చల్లటి నీళ్లూ కావాలి. చివరికి మూత్రం పోసింది. కాఫీ డికాషన్ రంగులో ఉంది. కండరాలు చితికితే వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి మాంసకృత్తి రక్తంలోకి జారి, మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. అసలు భయం అక్కడే. ఒళ్లు ఎండిపోయిన గుర్రంలో అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే డాక్టర్ ముందు సెలైన్ పెట్టి, నొప్పి మందు సంగతి తర్వాత చూశాడు. చాలా నొప్పి మందులు కూడా ఎండిపోయిన మూత్రపిండాలకు చెరుపు చేసేవే. గుర్రాన్ని శాలకు నడిపించకుండా ట్రాలీనే అక్కడికి తెప్పించారు.

రక్తపరీక్షకూ ఒక లెక్క ఉంది. కండరాల నుంచి కారే సీకే అనే ఎంజైమ్ నాలుగు నుంచి ఆరు గంటల్లో శిఖరానికి చేరి త్వరగా దిగుతుంది. ఏఎస్‌టీ అనే ఇంకో ఎంజైమ్ దాదాపు ఒక రోజుకు పెరిగి, చాలా రోజులు తగ్గకుండా ఉంటుంది. వెంటనే తీసిన రక్తంలో అంకె తక్కువగా ఉందని సంబరపడితే మోసపోతాం. ఏఎస్‌టీ దిగకుండా సీకే మాత్రం మళ్లీ ఎగబాకితే, ఎవరో తొందరపడి గుర్రాన్ని పనిలో పెట్టారని అర్థం.

ట్రైనర్ నాతో చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. క్షమాపణ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ దాణా గది తలుపుకు ఒక కాగితం అంటించాడు: సెలవు రోజున ధాన్యం సగానికి తగ్గించాలి, డాక్టర్ గుర్తు పెట్టిన గుర్రాలకు పూర్తిగా ఆపాలి.

కాగితం అంటించడం సులువే. గుర్రానికి అసలు పడనిది కదలకుండా నిలబడటం. శుక్రవారం కూడా దాన్ని ఆవరణలోకి వదలాలి, లేదా చేత్తో పట్టుకుని నడిపించాలి. గుర్రానికి నడక కావాలంటే మనిషి సెలవు పోతుంది. చాలా శాలల్లో ఈ జబ్బుకు మూలం దాణా మూటలో కన్నా పనివాళ్ల డ్యూటీ పట్టికలో ఉందని నా నమ్మకం. వారమంతా చీకటితో లేచేవాడి ఒక్క సెలవునూ లాక్కుంటే వాడు మొక్కుబడిగా రెండు చుట్లు తిప్పి కట్టేస్తాడు. మేము మాలో మేమే సర్దుకున్నాం. శుక్రవారం నమాజుకు వెళ్లేవాళ్ల బదులు నేనూ నేపాలీలూ గుర్రాలను నడిపిస్తాం, ఇంకో రోజు మా పని వాళ్లు చూస్తారు. రంజాన్‌కు మేము, దసరాకు వాళ్లు.

అన్ని గుర్రాలకూ కారణం ఒకటే కాదు. కొన్నింటికి పుట్టుకతోనే లోపం ఉంటుంది. క్వార్టర్ హార్స్ వంటి జాతుల్లో కండరాల్లో చక్కెర అసహజంగా పేరుకునే జన్యులోపాన్ని 2008లో గుర్తించారు. పందెపు థరోబ్రెడ్‌లలో కంగారుపడే పడుచు ఆడగుర్రాలకు ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలాంటివాటికి ధాన్యం తగ్గించి, కావలసిన శక్తిని నూనె రూపంలో మెల్లమెల్లగా అలవాటు చేస్తారు. విటమిన్ ఇ, సెలీనియం కూడా ఇస్తారు. సెలీనియం మోతాదు మించితే విషం కాబట్టి అది డాక్టర్ చేతిలోనే ఉండాలి. ఉప్పు మాత్రం అందరికీ కావాలి. గుర్రం చెమట దాని రక్తం కన్నా ఉప్పన, మా ఎడారిలో ఆ ఉప్పంతా ఒంటిమీద తెల్లగా చారలు కడుతుంది.

సెలవుకు వచ్చినప్పుడు తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాలను చూస్తే నా కళ్లు అలంకారం మీద నిలవవు, వెనక అడుగు మీదికి పోతాయి. మా ఆవిడ చిరాకుపడుతుంది.

కిందటి సెలవులో తిరుపతిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఒకాయన పరిచయమయ్యాడు. మూఢంలో ముహూర్తాలు లేవు, గుర్రం వారాల తరబడి గుంజకే కట్టి ఉంది. “పని లేనప్పుడే కదా తమ్ముడూ, బాగా మేపి ఒళ్లు చేయించాలి” అని ఉడకబెట్టిన ఉలవలు చూపించాడు. ఉలవల్లో మాంసకృత్తులతో పాటు పిండిపదార్థమూ బాగానే ఉంటుంది. మూఢం పోయిన మొదటి ముహూర్తానికి బ్యాండు మోతలో, బాణసంచా మధ్య, ఒక మనిషిని మోస్తూ ఆ గుర్రం గంటల కొద్దీ తారు రోడ్డు మీద ఎగరాలి. మా శనివారానికి దీనికన్నా దగ్గరి చుట్టం ఉండదు.

“పోయినసారి కూడా ఊరేగింపు మధ్యలో మొరాయించింది, దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టాను” అన్నాడు.

“నిమ్మకాయలు ఉంచుకో అన్నా. ఉలవలు సగం చెయ్యి. ఎండుగడ్డి మాత్రం తగ్గించకు, 400 కిలోల గుర్రానికి రోజుకు ఆరు కిలోలైనా పడాలి. పొద్దునా సాయంత్రమూ నడిపించు. ముహూర్తం వారంలో నడక కొంచెం కొంచెం పెంచు. మళ్లీ మొరాయిస్తే కొట్టకు, నడిపించకు. వెటర్నరీ కాలేజీ మన ఊళ్లోనే ఉంది, అక్కడి డాక్టర్లకు ఫోను చెయ్యి.”

ఆయన మనసులో ఏదో లెక్క కట్టాడు. “మీ దుబాయ్ గుర్రాలకు నూనె కూడా పోస్తారట కదా, అదెంత అవుతుంది?”

నీ గుర్రానికి నూనె అక్కర్లేదని, ఉలవలు తగ్గితే డబ్బే మిగులుతుందని చెప్పాను. ఆ మాటతో కాస్త తేలికపడ్డాడు. కానీ రోజూ రెండు పూటలా నడిపించే మనిషి కూలి ఎవరిస్తారన్న దగ్గర మా బేరం ఆగిపోయింది. చివరికి తన కొడుకును పొద్దున పంపుతానన్నాడు. సాయంత్రం వాడికి ట్యూషన్ ఉందట.