కొండ దిగిన గాలి

ఏప్రిల్‌లో హైదరాబాదు ఇళ్ళలో ఎయిర్ కూలర్ చక్కగా పనిచేస్తుంది. జూన్ చివర వానలు పడ్డాక అదే కూలర్ వేస్తే గదిలో ఉక్కపోత తప్ప మరేమీ ఉండదు. మేడమీద ఆరేసిన దుప్పటి మే నెలలో ఎంతసేపట్లో ఆరుతుందో, జూలైలో ఎన్నిసార్లు తిరగేసినా ఎందుకు ఆరదో తెలిసిన మనకు పొడిగాలి అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. అయితే మన వేసవిలో గాలిని ఎండగట్టేది ముఖ్యంగా ఎండ, దాహంతో ఉన్న నేల. ప్రపంచంలో కొన్ని చోట్ల ఆ పని కొండలు చేస్తాయి, అదీ తరచుగా నడి చలికాలంలో. ఆల్ప్స్ పర్వతాల దగ్గర ఫోయెన్, ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాల తూర్పున చినూక్, అర్జెంటీనాలో జోండా అని పిలిచే ఈ గాలుల గురించి చదివినప్పుడల్లా వాటి వేడి గురించే ఎక్కువగా రాసి ఉంటుంది. మనుషులనూ చెట్లనూ నిజంగా పట్టి పీడించేది వాటి పొడితనమేనని నా అభిప్రాయం.

ఆల్ప్స్ లోయల్లో చలికాలపు మంచు మధ్య ఉన్నట్టుండి వెచ్చటి గాలి దిగితే అది సహారా ఎడారి నుంచి వస్తున్నదని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. ఆ వేడి ఎక్కడి నుంచో మోసుకొచ్చినది కాదనీ, కొండ దిగేటప్పుడు గాలిలోనే పుడుతుందనీ ఆస్ట్రియా శాస్త్రవేత్త యూలియస్ హాన్ 1866లో వివరించాడు. కిందికి వచ్చేకొద్దీ వాయుపీడనం ఎక్కువవుతుంది కనుక దిగే గాలి నొక్కుకుపోతుంది, నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడానికి కొంత కారణం ఇదే. ప్రతి 1000 మీటర్ల దిగుడుకూ సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఇక్కడే నా అభిప్రాయానికి ఆధారం ఉంది: దిగేటప్పుడు గాలిలో ఉన్న నీటి ఆవిరి పెరగదు, కానీ 10 డిగ్రీలు వేడెక్కిన గాలి దాదాపు రెట్టింపు ఆవిరిని ఇముడ్చుకోగలదు. అందుచేత ఒక్క కిలోమీటరు దిగేసరికి సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి ఇముడ్చుకోగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్నది ఎంత వంతో చెప్పే కొలత, సగానికి దగ్గరగా పడిపోతుంది, ఆ గాలి తగిలిన ప్రతిదాని నుంచీ తడిని లాగుతుంది.

కొండకు అవతలి వైపు వాన కురిస్తే ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. మనకు దగ్గరి ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం. నైరుతి రుతుపవనాల కాలంలో కొంకణ తీరాన 28 డిగ్రీలున్న తేమగాలి పడమటి కనుమలను ఎక్కుతుంది. మొదటి 500 మీటర్లలో 5 డిగ్రీలు చల్లబడి మబ్బు కట్టిందనుకుంటే, ఆ తరువాత ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడి వల్ల అది అంత తొందరగా చల్లబడదు, కిలోమీటరుకు 4 డిగ్రీల చొప్పునే చల్లబడుతుంది. మహాబలేశ్వరం ఎత్తు అయిన సుమారు 1350 మీటర్లకు చేరేసరికి దాదాపు 19.5 డిగ్రీలుంటుంది. కురవవలసినదంతా అక్కడే కురిసి, హైదరాబాదు ఎత్తైన 540 మీటర్లకు దిగితే మళ్ళీ 27.5 డిగ్రీలు దాటుతుంది. ఎక్కేటప్పుడు ఇదే ఎత్తులో ఆ గాలి 23 డిగ్రీల దగ్గర ఉండేది. ఇది కాగితం మీది లెక్క మాత్రమే. నిజానికి దారిలో మబ్బులూ తడినేలా చాలా మార్పులు చేస్తాయి, పైగా మనది పీఠభూమి కనుక గాలి పూర్తిగా కిందికి దిగదు. అయినా మహాబలేశ్వరంలో ఏడాదికి 5000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంటే, కనుమలు దాటిన పుణెలో 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, మన దగ్గర 800 చుట్టుపక్కల మాత్రమే ఎందుకు పడుతున్నదో దీనిలో కొంత తెలుస్తుంది. కిటికీ తలుపులు ఎడాపెడా కొట్టే మన ఆషాఢపు పడమటి గాలి, ఆ లెక్కన, ఫోయెన్‌కు దూరపు చుట్టమే.

వేడికి సంబంధించిన కథలు నిజంగానే నమ్మశక్యం కానివి. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో స్పియర్‌ఫిష్ అనే ఊళ్ళో 1943 జనవరి 22న ఉదయం చినూక్ వీచి ఉష్ణోగ్రత రెండు నిమిషాల్లో మైనస్ 20 డిగ్రీల నుంచి 7 డిగ్రీలకు ఎగబాకింది. కాసేపటికి 12 డిగ్రీల దాకా వెళ్ళి, ఆ గాలి ఆగిపోగానే అరగంట లోపే మళ్ళీ మైనస్ 20కి పడిపోయింది. కిటికీ అద్దాలు పగిలాయట. ఇటువంటి గాలి వీచినప్పుడు మంచు కరగడమే కాదు, కొంత నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. పశువుల పెంపకందారులకు ఇది మేలే, ఎందుకంటే మంచు కింద గడ్డి బయటపడుతుంది.

చెట్లకు మాత్రం అది పెద్ద కష్టం. రాకీ పర్వతాల వాలుల్లో చినూక్ వీచినప్పుడు దేవదారు జాతి చెట్ల సూదుల వంటి ఆకులు వెచ్చబడి నీటిని కోల్పోతాయి, కానీ వేళ్ళున్న నేల గడ్డకట్టి ఉండడంతో పోయిన నీటిని తిరిగి తీసుకోలేవు. ఆకులు ఎండి ఎర్రబడతాయి. వసంతకాలం వచ్చేసరికి కొండవాలు మీద ఒక ఎత్తులో మాత్రమే ఎర్రటి పట్టీ కట్టినట్టు కనిపిస్తుంది, దాని పైనా కిందా చెట్లు పచ్చగానే ఉంటాయి. దూరం నుంచి చూసినవారికి అడవి అంటుకుందేమో అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నిప్పు సంగతి వేరే చెప్పాలి. స్విట్జర్లాండులోని గ్లారుస్ పట్టణం 1861 మే 10 రాత్రి ఫోయెన్ వీస్తుండగా అంటుకొని, తెల్లవారేసరికి సుమారు 600 కట్టడాలు కాలిపోయాయి. ఆ దేశపు లోయల్లో ఫోయెన్ వేళ పొయ్యిలూ చుట్టలూ కట్టడి చేసి, రాత్రి కాపలా తిరిగే ఆనవాయితీ ఎన్నో ఊళ్ళలో ఉండేది. 2025 జనవరి 7న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్‌లో మొదలైన మంటలకు కొండల మీదుగా దిగిన పొడిగాలే తోడయ్యింది. 16,000కు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. శాంటా ఆనా అని పిలిచే ఆ గాలికి అవతలి వైపు వాన అవసరమే లేదు. లోపలి ఎడారి పీఠభూమి నుంచి తీరానికి దిగుతూనే వేడెక్కి, ఉన్న కాస్త తేమ కూడా లెక్కలోకి రాకుండా పోతుంది. అదే రాష్ట్రంలో, మంటలకు దూరంగా ఉన్న మా చిన్నాన్నగారి అమ్మాయి ఆ వారంలో ఫోన్ చేసినప్పుడు, "అక్కా, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతోంది, పెదవులు పగిలి నెత్తురొస్తోంది," అంది. ఎండ ఎలా ఉందని అడిగితే, స్వెటర్ అక్కరలేదు, అంతే, అని తేల్చేసింది.

ఈ గాలి తలనొప్పి, నిద్రలేమి, చిరాకు తెస్తుందని దక్షిణ జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ గట్టి నమ్మకం. కెనడాలోని క్యాల్గరీలో మైగ్రేన్ రోగుల మీద జరిగిన పరిశోధనలో కొందరికి మాత్రం చినూక్ రోజులతో తలనొప్పికి సంబంధం కనిపించింది, చాలామందికి కనిపించలేదు. గాలిలోని విద్యుదావేశ కణాలే కారణమనే ప్రచారం నాకు నమ్మబుద్ధి కాదు. ముక్కు లోపలి పొర ఎండిపోవడం, రాత్రంతా ఈదురుగాలికి నిద్ర చెదరడం చాలవా మనిషికి చిరాకు కలగడానికి?

మన కోస్తా జిల్లాల్లో మే నెలలో పడమటి గాలి తిరిగినప్పుడు జరిగేది దీనికి దగ్గరగా ఉంటుంది. పీఠభూమి మీద కాగిన గాలి తూర్పు కనుమల మీదుగా తీరానికి దిగుతూ మరికొంత వేడెక్కుతుంది, సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. ఆ రోజుల్లో ఒంటికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి, ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. చొక్కా పొడిగానే ఉందని ధైర్యపడి దాహం వేసేదాకా నీళ్ళు తాగకుండా పనిచేసేవారే వడదెబ్బకు ముందు గురవుతారు. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరిగితే ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. చొక్కా మాత్రం ఒక్కసారిగా తడిసిపోతుంది, అప్పటినుంచి అందరూ ఉక్కపోత గురించి ఫిర్యాదు చేయడం మొదలుపెడతారు.