గోదారి చెమ్మలో కంప్యూటర్

కంప్యూటర్ జాగ్రత్తలు అనగానే అందరూ వైరస్ దగ్గర మొదలెడతారు. అమలాపురం, నరసాపురం, భీమవరం వైపు ఇళ్ళలో అసలు భయపడాల్సింది చెమ్మకీ, కరెంటుకీ. వైరస్ వస్తే విండోస్ మళ్ళీ ఎక్కించుకోవచ్చు, మదర్‌బోర్డు పోతే కొనుక్కోవాల్సిందే.

ముసురు పట్టిన వారమంతా కట్టేసి ఉంచిన సీపీయూని తర్వాత ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు. కొన్ని బోర్డులు బీప్ బీప్ అంటాయి. ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌ని, అంటే మదర్‌బోర్డు మీద గుచ్చి ఉండే మెమరీ పట్టీని. దాని అంచున ఉండే బంగారు పూత కాంటాక్టుల మీద సన్నటి పొర పట్టి కనెక్షన్ తప్పుతుంది. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన ఛార్జీ పోతుంది. క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయాక క్లిప్పులు విప్పి ర్యామ్ తీయండి. పిల్లల తెల్ల పెన్సిల్ రబ్బరుతో కాంటాక్టుల్ని మెల్లగా రుద్ది, నుసి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకుగా ఉండే ఇంకు రబ్బరు వాడితే పూత లేచిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు టిక్కుమని పడాలి. సగం దిగిన ర్యామ్ కూడా ఇదే జబ్బు చూపిస్తుంది.

వానాకాలంలో పని ఉన్నా లేకపోయినా రెండు రోజులకోసారి అరగంట ఆన్ చేసి ఉంచితే లోపలి వేడికి తడి ఆరుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్ళలో ఇది చాలదు. ఉప్పుగాలి మోసుకొచ్చే ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది, దుమ్ముతో కలిసి బోర్డుకి అంటుకుని రాగిని తినేస్తుంది. అక్కడ మూడు నెలలకోసారి బ్లోయర్ పట్టాల్సిందే. రైసుమిల్లు పక్క ఇళ్ళకీ అంతే, ఊక నుసి హీట్‌సింకు (ప్రాసెసర్ మీద వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య పేరుకుపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే బేరింగు చెడుతుంది. హీట్‌సింకు ఊడదీస్తే దాని కింద వేడిని అందించడానికి పూసే పాత పేస్టు పూర్తిగా తుడిచి కొత్తది పెసరగింజంత పెట్టాలి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందన్నది ఉత్త మాట. వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే బిగించండి. ఆ కంతల్లోంచే బల్లులు వెచ్చదనానికి దూరతాయి. గుడ్డ కప్పుతారు కదా, అది మిషను చల్లారాకే.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ (సీపీయూకి కరెంటు అందించే లోపలి పెట్టె) ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీకి వస్తుంది, అది ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో పెట్టేవాళ్ళు ఈ దారిని మూసేస్తున్నారు. ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి సాకెట్లో వోల్టేజీ కొలిపించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల్లోపు ఉండాలి. డెల్టా నేలలో తడి ఎక్కువ కాబట్టి ఎర్త్ బాగానే పడుతుంది, కానీ ఉప్పు నేలలో పైపూ, దాని క్లాంపూ తుప్పు పట్టి తెగిపోతాయి. ఒకసారి వేయించాం కదా అని వదిలేయకూడదు.

చేపల, రొయ్యల చెరువుల పక్క ఊళ్ళలో ఏరేటర్లు (చెరువు నీటికి గాలి కలిపే మోటార్లు) కలిసి స్టార్టయినప్పుడు వోల్టేజీ కుంగుతుంది. అందుకని యూపీఎస్ తప్పదు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. సీపీయూ, మానిటర్ పెట్టండి, లేజర్ ప్రింటర్ మాత్రం పెట్టొద్దు. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్ళకి నీరసిస్తుంది. కరెంటు పోగానే మిషను ఆగిపోతే యూపీఎస్ మొత్తం పారేయక బ్యాటరీ మార్చి చూడండి. ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్ళు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉందేమో చూసి అందులో పెట్టుకోవాలి. రెండో మోడ్‌లో మారే వ్యవధి ఎక్కువై కంప్యూటర్ రీస్టార్టవుతుంది.

ఉరుములు మొదలైతే స్విచ్చి కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకాలి. దాంతోపాటు ఇంటర్నెట్ బాక్సు నుంచి సీపీయూకి వచ్చే లాన్ వైరు కూడా. నెట్ తెచ్చే ఫైబర్ గాజు, దాంట్లో కరెంటు రాదు; పిడుగు కరెంటు ఇంటర్నెట్ బాక్సు అడాప్టర్ నుంచి, దానికున్న రాగి లాన్ వైరు గుండా వచ్చేస్తుంది.

తేదీ ప్రతిసారీ వెనక్కిపోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తాయి, జనం నెట్ పాడైందనుకుంటారు. ఇక విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మిషను 11కి సరిపోతే మారిపోండి.

లంక గ్రామాల వాళ్ళకి ఇంకొక లెక్క ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకి చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే సీపీయూని అటక మీదికి ఎక్కించే వేళ. ఫోటోలు, పాసుపుస్తకం స్కాన్లు వేరే హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వీలైతే మెరక ఊళ్ళో చుట్టాలింట ఉంచండి. అప్పటికీ నీళ్ళు ఎక్కితే, ఆరిందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. బియ్యంలో పెట్టడం కూడా దండగ, తౌడు లోపలికి చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు. బురద పట్టిన ఎస్ఎంపీఎస్ పారేయండి. హార్డ్‌డిస్క్‌లో ముఖ్యమైనవి ఉంటే దాన్ని ఎండబెట్టొద్దు, విప్పొద్దు. ఎండితే ఒండ్రు లోపల డేటా ఉండే పళ్ళేల (ప్లాటర్ల) మీద గట్టిపడుతుంది. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి, డేటా రికవరీ చేసేవాళ్ళకి ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా అందజేయండి.